అమెరికా రాష్ట్రాలను నిజంగా చూపించిన సినిమాలు ఏవి?

పెదవాల్తేరు పాఠకుడు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మా వీధిలో దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఒకరో ఇద్దరో అమెరికాలో స్థిరపడ్డారు. ఒకరు టెక్సాస్ అంటారు, మరొకరు మిన్నెసోటా అంటారు, ఇంకొకరు మసాచుసెట్స్ అంటారు. మంచు కురుస్తోందనీ, సుడిగాలి హెచ్చరిక వచ్చిందనీ ఫోనులో వింటూనే ఉంటాము గానీ, ఆ రాష్ట్రానికీ ఈ రాష్ట్రానికీ మధ్య ఉన్న తేడా మాత్రం మాకు కళ్లకు కట్టడం లేదు. మన సినిమాల్లో కనిపించే అమెరికా చాలావరకు న్యూయార్కు మేడలతోనూ శాన్‌ఫ్రాన్సిస్కో వంతెనతోనూ ముగిసిపోతుంది. పదవీ విరమణ చేసిన మిత్రులం కొందరం ఆదివారాల్లో ఒకరి ఇంట్లో కూర్చుని సినిమాలు చూడాలని నిశ్చయించుకున్నాము. ఒక రాష్ట్రపు నేల, వాతావరణం, అక్కడివారి బతుకుతెరువు కథలోనే కలిసిపోయి, ఆ కథ మరోచోట జరగడానికి వీలులేదనిపించే సినిమాలను దయచేసి సూచించగలరు.

మద్దిలపాలెం నుంచి సమాధానం

మీరు మొదట చూడవలసినది 1999లో డేవిడ్ లించ్ తీసిన 'ది స్ట్రెయిట్ స్టోరీ' అని నా అభిప్రాయం. ఆల్విన్ స్ట్రెయిట్ అనే వృద్ధుడు, చూపు మందగించి కారు నడిపే అర్హత లేకపోవడంతో, జబ్బుపడిన అన్నను చూడటానికి గడ్డి కోసే యంత్రం మీద అయోవా రాష్ట్రంలోని లారెన్స్ నుంచి విస్కాన్సిన్‌లోని మౌంట్ జయన్ దాకా సుమారు 240 మైళ్లు ప్రయాణించాడు. ఇది 1994లో నిజంగా జరిగిన సంగతే. చిత్రబృందం ఆ దారి వెంటనే చిత్రీకరణ జరిపింది. బండి అంత నెమ్మదిగా కదులుతుంది కాబట్టి, కారులో వెళ్లేవారి కంటికి ఆనని మొక్కజొన్న చేలు, ధాన్యపు గోదాములు, దారిలో ఎదురైన అపరిచితుణ్ణి పెరట్లో ఉండనిచ్చే కుటుంబాలు మనకు తీరికగా పరిచయమవుతాయి. మిసిసిపీ నదిని దాటే ఘట్టం వచ్చేసరికి ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రంలోకి అడుగుపెట్టడమంటే ఏమిటో ప్రేక్షకుడికి అనుభవంలోకి వస్తుంది. ప్రధాన పాత్రధారి రిచర్డ్ ఫార్న్స్‌వర్త్ ఆ వయసు మనిషి మౌనాన్ని ఎంత గౌరవంగా పోషించాడో మీ బృందం తప్పక గమనించాలి.

మిన్నెసోటాకు 1996 నాటి 'ఫార్గో' ఉంది. పేరు నార్త్ డకోటా నగరానిదే అయినా, కథ అత్యధిక భాగం మిన్నెసోటాలోనే నడుస్తుంది. నేరం ఎంత ఘోరమైనదైనా మాటలో మర్యాద తప్పని అక్కడివారి తీరునూ, ఆకాశానికీ నేలకూ తేడా తెలియనివ్వని తెల్లదనాన్నీ కోయెన్ సోదరులు అద్భుతంగా పట్టుకున్నారు. చిత్రీకరణ జరిగిన శీతకాలంలో చాలినంత మంచు కురవక, బృందం దాన్ని వెతుక్కుంటూ ఉత్తరానికి వెళ్లవలసి వచ్చింది. ఇది యథార్థ గాథ అని ఆరంభంలో కనిపించే ప్రకటనను మాత్రం నమ్మవద్దు, కథ కల్పితమే. హింస ఉంటుందని ముందుగా చెప్పి ఉంచడం మంచిది.

గాజువాక నుంచి సమాధానం

రాష్ట్రాన్ని చూడాలంటే అక్కడి పనిని చూడాలన్నది నా దృష్టి. అందుకే 'నోమాడ్‌లాండ్'ను గట్టిగా సిఫారసు చేస్తున్నాను. నెవాడాలోని ఎంపైర్ అనే ఊరు కేవలం జిప్సం కర్మాగారం మీద ఆధారపడి బతికింది. 2011లో కర్మాగారం మూతపడగానే ఊరు ఖాళీ అయింది, చివరికి దాని పిన్‌కోడు కూడా రద్దయింది. ఫ్యాక్టరీ టౌన్‌షిప్ క్వార్టర్సులో జీవితం గడిపిన మాలాంటివారికి ఈ వాస్తవం ఎంత బరువైనదో వేరే చెప్పనక్కరలేదు. ఇల్లు, ఇరుగుపొరుగు, ఉద్యోగం మూడూ ఒకే గేటుకు ముడిపడి ఉన్నప్పుడు, ఆ గేటు మూసుకుంటే మనిషికి మిగిలేది ఏమిటన్నదే ఈ సినిమా. కథానాయిక వ్యానులోనే కాపురం పెట్టుకుని, నెబ్రాస్కాలో చక్కెర దుంపల కోతకూ, సౌత్ డకోటాలోని బ్యాడ్‌లాండ్స్‌లో కూలిపనికీ వెళ్తుంది. ఆమెతో కనిపించేవారిలో చాలామంది నిజజీవితంలోనూ అలాగే సంచరించేవారు. దర్శకురాలు క్లోయీ జావ్ బీజింగ్‌లో పుట్టిన వ్యక్తి కావడం వల్లనే ఆ నేలను ఇంత శ్రద్ధగా చూడగలిగిందేమో అనిపిస్తుంది.

ఓక్లహోమాకు 2023లో వచ్చిన 'కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్' చూడండి. 1920ల్లో తమ భూమి కింద దొరికిన చమురు వల్ల సంపన్నులైన ఓసేజ్ ఆదివాసులను, ఆ సంపద కోసం వరుసగా హత్య చేసిన చరిత్ర అది. స్కోర్సేసీ దాన్ని ఓసేజ్ ప్రాంతంలోనే చిత్రీకరించారు. నిడివి మూడు గంటలు దాటుతుంది కాబట్టి రెండు ఆదివారాలకు పంచుకోండి.

భీమిలి నుంచి సమాధానం

చర్చలో ఒక విషయం రావలసి ఉంది. తెరమీద కనిపించే నేల, కథ చెప్పే నేల ఒకటేనా? వయోమింగ్ కథగా పేరుపొందిన 'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్'లోని కొండలు కెనడాలోని అల్బర్టావి. టెక్సాస్ కథ అయిన 'ది సెర్చర్స్'లో మనం చూసే ఎర్రటి రాతి స్తంభాలు యూటా, అరిజోనా సరిహద్దులోని మాన్యుమెంట్ వ్యాలీవి. మిసిసిపీలో జరిగే 'ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్'ను చాలావరకు ఇల్లినాయిలో తీశారు. అమెరికా దక్షిణాదిలో చిత్రీకరణకు కథానాయకుడైన నల్లజాతి నటుడు సిడ్నీ పోయిటియే ఇష్టపడలేదన్నది కారణం. ఈ మూడోదాన్ని నేను తప్పుపట్టను, ఎందుకంటే ఆ కారణమే ఆనాటి మిసిసిపీ గురించి సినిమా చెప్పినంత చెబుతుంది. కానీ నేలే ప్రధానమైన కథల్లో స్థలం మారితే నాకు తృప్తి ఉండదు. 1978లో 'మరో చరిత్ర'ను మన విశాఖ తీరంలో కాక వేరే సముద్రం ఒడ్డున తీసి ఉంటే మనం వెంటనే గుర్తుపట్టేవాళ్లం కదా.

మీ బృందానికి నా సూచన మీరా నాయర్ 1991లో తీసిన 'మిసిసిపీ మసాలా'. దీన్ని చాలావరకు కథ జరిగే చోటే, మిసిసిపీలోని గ్రీన్‌వుడ్ పట్టణంలో తీశారు. 1972లో ఈదీ అమీన్ ఉగాండా నుంచి వెళ్లగొట్టిన భారతీయ కుటుంబం మిసిసిపీలో బంధువుల మోటెల్‌ను ఆశ్రయిస్తుంది. కూతురు నల్లజాతి యువకుణ్ణి ప్రేమించినప్పుడు మనవారి మనసుల్లోని రంగు పట్టింపు దాపరికం లేకుండా బయటపడుతుంది. పిల్లలను అక్కడికి పంపిన మనమందరం చూడవలసిన సినిమా ఇది.

మద్దిలపాలెం నుంచి మరొక మాట

భీమిలి వారి వాదనను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. కొరియా వలస కుటుంబం గురించిన 'మినారి' కథ అర్కన్సాస్‌లో జరుగుతుంది, తీసింది ఓక్లహోమాలో. అయినా దర్శకుడు లీ ఐజాక్ చంగ్ అర్కన్సాస్ పొలంలోనే పెరిగినవాడు. నీటి కోసం ఆ తండ్రి పడే తపన, వాగు ఒడ్డున అమ్మమ్మ నాటిన కొరియా ఆకుకూర స్వానుభవం లేనివారికి తట్టేవి కావు. స్థలం కన్నా జ్ఞాపకానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

పెదవాల్తేరు పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. 'స్ట్రెయిట్ స్టోరీ'తో మొదలుపెట్టి, రెండో వారం 'మిసిసిపీ మసాలా' చూస్తాము. టెక్సాస్‌కూ మసాచుసెట్స్‌కూ మాత్రం ఇంకా ఏదీ రాలేదు.

భీమిలి నుంచి సమాధానం

మసాచుసెట్స్‌కు 2016 నాటి 'మాంచెస్టర్ బై ద సీ' ఉంది. కథానాయకుడి అన్న చనిపోతే, నేల గడ్డకట్టి ఉన్నందున వసంతం వచ్చేదాకా ఖననం చేయలేని పరిస్థితి అందులో కథను నడుపుతుంది. చేపల పడవ ఆ కుటుంబానికి ఆస్తి, బరువు రెండూ. మన ఫిషింగ్ హార్బరు చుట్టుపక్కల పెరిగినవారికి ఆ పడవ మీద జరిగే వాదనలు కొత్తగా అనిపించవు. టెక్సాస్‌కు 1971లో పీటర్ బోగ్డనోవిచ్ నలుపు తెలుపుల్లో తీసిన 'ది లాస్ట్ పిక్చర్ షో' చూడండి. మూల నవలా రచయిత లారీ మెక్‌మర్ట్రీ సొంత ప్రాంతమైన ఆర్చర్ సిటీలోనే దాన్ని తీశారు. దుమ్ము గాలి, వెలవెలబోయిన వీధి, మూతపడబోతున్న సినిమా హాలు అందులో ప్రధానం. కొన్ని దృశ్యాలు పెద్దలకు మాత్రమే తగినవి కాబట్టి, మనవలు ఇంట్లో లేని ఆదివారం పెట్టుకోండి.