అప్‌డేట్: గేర్ లివర్ పైకి జరిపాం, బాగా కుదిరింది

పోయిన నెల అడిగాను కదా: నా స్విఫ్ట్ కారులో రేసింగ్‌కి వాడే బకెట్ సీటు, హార్నెస్ (భుజాల మీదుగా కట్టే బెల్టు) బిగించాక భుజాలు కదలట్లేదు, మూడో గేరుకి చెయ్యి అందట్లేదు, లివర్‌కి పైపు అతికించి పొడవు చేయొచ్చా అని. వద్దన్న అన్నలందరికీ దండాలు. పొడవు పెంచితే చెయ్యి అందుతుంది గానీ, గేరు మార్చడానికి జరపాల్సిన దూరం కూడా పెరుగుతుంది. అందుకే షిఫ్టర్‌ని, అంటే లివర్‌ని దాని కింది అమరికతో సహా, మొత్తంగా పైకెత్తాం.

నెల్లూరు ఆటోనగర్‌లో లేత్ పనిచేసే మామ షిఫ్టర్ కింద పెట్టడానికి 3 మి.మీ. ఇనుప రేకుతో పెట్టె చేసిచ్చాడు. లివర్ 85 మి.మీ. పైకి, 60 మి.మీ. వెనక్కి వచ్చింది.

మొదటిసారి బిగిస్తే రెండో గేరు పడినట్టే పడి జారిపోయింది. ప్రాణం ఉసూరుమంది. తప్పు మాదే. లివర్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే కేబుల్ తొడుగును పట్టుకునే బ్రాకెట్‌ని పాత చోటే వదిలేశాం. లోపలి తీగ కదలాల్సింది ఆ తొడుగుతో పోల్చి కదా, షిఫ్టర్‌తో పాటు బ్రాకెట్ కూడా లేవాలి. దాన్నీ పెట్టె మీదికి మార్చి, న్యూట్రల్‌లో పెట్టి కేబుళ్లు రెండూ మళ్లీ సర్దాం. వంపు బిగుతుగా లేకుండా, సైలెన్సర్ వేడి తగలకుండా చూసుకున్నాం.

ఆదివారం చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో నడిపాను. స్టీరింగ్ వదిలిన చెయ్యి నేరుగా నాబ్ మీదే పడుతోంది. అయిదో గేరుకి మాత్రం మోచెయ్యి సీటు అంచుకి తగులుతోంది, ఇంకో 15 మి.మీ. ముందుకు జరపాలి.