టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ నానోట్యూబుల పీక్ ఎరుపు వైపు జరిగింది, శాంపిల్ పాడైనట్టేనా?

ప్రశ్న: నమస్తే సార్. టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ నానోట్యూబులను ఆల్కహాల్‌లో సోనికేట్ చేసి (అల్ట్రాసౌండ్‌తో విడదీసి) యూవీ-విజిబుల్ స్పెక్ట్రం, అంటే ఏ రంగు వెలుగు ఎంత ఆగిపోతుందో చూపే గ్రాఫ్, తీశాను. ఏ-ఎక్సిటాన్ పీక్ (వెలుగును పీల్చుకుని ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ జంటకట్టే చోటు) 630 నానోమీటర్ల దగ్గర రావాలి కదా, నాకు 670 దాటి వచ్చింది. 800 దగ్గర కూడా గ్రాఫ్ కిందికి దిగడం లేదు. శాంపిల్ పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎల్లుండి గైడ్‌కి చూపించాలి.

జవాబు: అప్పుడే అలా అనుకోకు తమ్ముడూ. ఆ మెషిన్ డిటెక్టర్‌కి చేరని వెలుగునంతా లెక్కేస్తుంది. అందులో ట్యూబులు పీల్చుకున్నది కొంత, పక్కలకు చెదరగొట్టింది కొంత. ఈ పదార్థం వక్రీభవన గుణకం ఆ రంగుల్లో 4 దాకా ఉంటుంది. అందుకే వంద నానోమీటర్ల మందమున్న ట్యూబు కూడా వెలుగును కాసేపు తనలోనే తిప్పుకుంటుంది. అలా చిక్కిన వెలుగు ఎక్సిటాన్‌తో ముడిపడితే పీకులు చోటు మారతాయి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో 1992లో ఈ ట్యూబులను కనిపెట్టిన రెషెఫ్ టెన్నే బృందమే 2018లో ఈ సంగతీ వివరించింది. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే. 800 దగ్గర గ్రాఫ్ దిగకపోవడానికీ ముఖ్య కారణం చెదరడమే.

ఇంటిగ్రేటింగ్ స్ఫియర్ (చెదిరిన వెలుగును కూడా డిటెక్టర్‌కి చేర్చే బోలు గోళం) ఉన్న ల్యాబ్ చూసుకో. ద్రావణాన్ని బాగా పలచన చేసి, క్యూవెట్‌ను (ద్రావణం పోసే చిన్న పారదర్శక గిన్నెను) గోళం మధ్యలో పెట్టి కొలువు. చెదిరిన వెలుగు కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి మిగిలేది అసలైన శోషణ. పీక్ 630 దరిదాపుల్లోకి వస్తే నీ ట్యూబులు బాగున్నట్టే.

ప్రశ్న: బ్యాండ్ గ్యాప్ తేల్చే టౌక్ ప్లాట్ కూడా గీసేశాను సార్. ఫోటోల్యూమినెసెన్స్ (వెలుగు పీల్చుకున్నాక శాంపిల్ తిరిగి వెలగడం) మాత్రం దాదాపు ఏమీ రాలేదు.

జవాబు: ఆ టౌక్ ప్లాట్ తీసెయ్. చెదిరిన వెలుగు కలిసిన డేటాతో వచ్చే బ్యాండ్ గ్యాప్‌కి (ఎలక్ట్రాన్ పై స్థాయికి ఎగరడానికి కావాల్సిన కనీస శక్తికి) విలువ లేదు. ఫోటోల్యూమినెసెన్స్ సంగతి వేరు. ఒక్క పొరైతే డైరెక్ట్ గ్యాప్, అంటే ఎలక్ట్రాన్ నేరుగా కిందికి దిగి వెలుగిస్తుంది, కాబట్టి బాగా వెలుగుతుంది. నీ ట్యూబుల గోడలో చాలా పొరలుంటాయి, గ్యాప్ ఇన్‌డైరెక్ట్ అవుతుంది. వెలగకపోవడం సహజం.

మరొకరి జవాబు: ఎల్లుండిలోగా గోళం దొరక్కపోతే రామన్ స్పెక్ట్రం (లేజర్ వెలుగు చెదిరే తీరును బట్టి పదార్థాన్ని గుర్తుపట్టే పరీక్ష) తీయించమ్మా. 355, 420 cm⁻¹ దగ్గర రెండు పీకులు రావాలి. 807 దగ్గర ఇంకోటి లేస్తే టంగ్‌స్టన్ ఆక్సైడ్ మిగిలిందని అర్థం. లేజర్ పవర్ మాత్రం తగ్గించి పెట్టించు, వేడెక్కితే ఆ పీకులు కూడా చోటు మారతాయి.