ఇంట్లోవాళ్ళు వద్దంటే నర్సు మార్ఫిన్ ఆపాలా?

రాత్రిడ్యూటీ:
హాస్పిస్‌లో, అంటే ఇక నయం కాని రోగుల్ని చివరి రోజుల్లో చూసుకునే చోట, నర్సుని. ఆమధ్య ఒక పెద్దాయనకి నొప్పి తగ్గించే మార్ఫిన్ రాత్రి డోసు వేళయింది. మాట పడిపోయింది గానీ నుదురు ముడుచుకుపోయి ఉంది, పక్కకి తిప్పబోతే దుప్పటి గుప్పిట్లో బిగించేస్తున్నాడు. కూతురు అడ్డం వచ్చి "ఇది ఇస్తే నాన్న ఇక లేవడు, వద్దు సిస్టర్" అంది. డాక్టర్‌కి ఫోన్ చేసి, ఆమెకి నచ్చజెప్పి ఇచ్చేసరికి ముప్పావుగంట. ఆ ముప్పావుగంట నేను ఆగి ఉండాల్సింది కాదని నా వాదన.

పెద్దకొడుకు:
ఒప్పుకోను. మా అమ్మ డోసు ఇచ్చిన గంటకి పోయింది. ఇవ్వకపోతే ఇంకో రోజు ఉండేదేమో అని ఇప్పటికీ పీకుతూనే ఉంటుంది. అడ్డం వచ్చే హక్కు కూతురికి కాక ఇంకెవరికి ఉంటుంది?

రాత్రిడ్యూటీ:
ఆ మందు మామూలుగా నాలుగు గంటలకోసారి ఇస్తామండీ. అంటే ప్రాణం ఎప్పుడు పోయినా అంతకుముందు నాలుగు గంటల్లో ఏదో ఒక డోసు పడే ఉంటుంది. అదే చివరిదని ఇచ్చేటప్పుడు మాకూ తెలీదు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా వేళకి ఇవ్వాలని పట్టుబట్టింది సిసిలీ సాండర్స్. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టిన డాక్టర్. ఆవిడా మొదట నర్సే!

పాతసిస్టర్:
నొప్పికి తగ్గట్టు కొద్దికొద్దిగా పెంచుతూ ఇస్తే మార్ఫిన్ ఊపిరి ఆపేయడం అరుదు. అలాగని వాళ్ళ భయాన్ని కొట్టిపారేయకు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళలో మందు అవశేషాలు పేరుకుని విపరీతమైన మగత, కండరాలు అదరడం చూశాను. అయినా అర్ధరాత్రి మంచం పక్కన నచ్చజెప్పడమేంటమ్మా? ఆ మాటలు పగలే, కూర్చోబెట్టి, టెన్షన్ లేనప్పుడు అయిపోవాలి. అసలు ఆయనకి మాట ఉన్నప్పుడు ఏం కావాలో అడిగావా? కొందరు "కాస్త నొప్పి ఉన్నా పర్లేదు, మనవరాలు వచ్చేదాకా మెలకువగా ఉంచండి" అంటారు.

రాత్రిడ్యూటీ:
అడగలేదు. చేరిన రోజు ఫారాలు నింపడంతోనే సరిపోయింది. అయినా, మాట లేని మనిషి ముఖంలో నొప్పి కనబడుతుంటే ఆగడం తప్పే అంటాను.

పెద్దకొడుకు:
ఇంకోటి అడగొచ్చా? చివర్లో అమ్మ గొంతులో గురగుర వచ్చింది. ఊపిరాడకేనా?

పాతసిస్టర్:
కాదు నాయనా. మింగే శక్తి పోయాక ఉమ్మి గొంతులో నిలిచిపోతుంది, ఆ శబ్దమే అది. అప్పటికి చాలావరకు స్పృహ ఉండదు కాబట్టి, వాళ్ళకంటే వినేవాళ్ళకే ఎక్కువ బాధ. మేం పక్కకి తిప్పి పడుకోబెడతాం, ఒక్కోసారి తగ్గుతుంది.

పెద్దకొడుకు:
ఆ సిస్టర్ కూడా పక్కకే తిప్పింది. ఎందుకు కదుపుతున్నావని ఆమె మీద అరిచాను.