సింక్‌ని ‘సమకాలీకరణ’ అంటే అర్థమవుతోందా?

మొన్న మా బాబాయి ఫోన్‌లో క్యాలెండర్నీ కాంటాక్టుల్నీ మా సొంత సర్వర్‌కి కలుపుతున్నాను. క్యాలెండర్‌ని సర్వర్‌తో కలిపే పద్ధతి కాల్‌డావ్, అది ఆండ్రాయిడ్‌లో సొంతంగా ఉండదు కాబట్టి ఓ యాప్ వేసి, సర్వర్ అడ్రసూ పేరూ పాస్‌వర్డూ కొట్టగానే ‘సమకాలీకరణ విఫలమైంది’ అని వచ్చింది. బాబాయి అది చదివి "కాలం అంటోంది కదరా, గడియారం తప్పుందేమో" అంటూ తేదీ, సమయం సెట్టింగ్స్ తెరిచేశాడు. అసలు సంగతి పాస్‌వర్డ్‌లో ఉంది. ఆ ఖాతాకి రెండంచెల ధృవీకరణ పెట్టాం, అప్పుడు మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు, ఈ యాప్ కోసమని సర్వర్‌లో విడిగా ఒకటి తీసుకోవాలి.

బాబాయిది తప్పనను, మాటే ఆయన్ని గడియారం దగ్గరికి పంపింది. సింక్ అన్నది ‘సింక్రనైజేషన్’కి పొట్టిరూపం. గ్రీకులో ‘సిన్’ అంటే కలిసి, ‘క్రోనోస్’ అంటే కాలం, దాన్ని ముక్కకి ముక్క సంస్కృతంలో పెట్టేశారు. సినిమాలో పెదాల కదలికకి మాట కలపడాన్ని అలా అంటే సరే. ఇక్కడ జరిగేది వేరు. కాల్‌డావ్‌లో (దాని నిబంధనల పత్రం ఆర్ఎఫ్‌సీ 4791, 2007) ఒక్కో ఈవెంటుకి సర్వర్ ఈట్యాగ్ అని ఓ గుర్తు ఇస్తుంది, ఈవెంటు మారితే గుర్తూ మారుతుంది. నేను ఫోన్‌లో మీటింగ్‌ని 5 గంటలకి జరిపి, ఈలోగా ల్యాప్‌టాప్‌లో ఎవరో 6కి మార్చారనుకోండి, ఫోన్ తన పాత గుర్తు చూపించి రాయబోతే సర్వర్ 412 అనే ఎర్రర్ నంబర్‌తో తిప్పికొడుతుంది. కాంటాక్టుల కార్డ్‌డావ్‌ది (2011) కూడా ఇదే పద్ధతి. రెండు చిట్టాలు పక్కపక్కన పెట్టుకుని ఎక్కడ తేడా వచ్చిందో చూసుకోవడమే కదా ఇది!

దీనికి మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న మాట పొంతన. లెక్కలకి పొంతన కుదరలేదంటాం, పొంతన లేని మాటలంటాం, ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. సింక్‌కి అదే వాడదామంటాను.

వ్యాఖ్య: మాట బాగుందండీ, కానీ పొంతన చూడటం వేరు, మార్చడం వేరు. ఫోన్‌లో నంబర్ తీసేస్తే సర్వర్‌లోనూ పోతుంది. ‘పొంతన’ అంటే అంత పని జరుగుతుందని తెలుస్తుందా? నా ఓటు ‘సింక్’కే.

జవాబు: మంచి పాయింటండీ. అందుకే బటన్ మీద ‘పొంతన చూడు’ కాకుండా ‘పొంతన కుదుర్చు’ అని ఉండాలి, కుదర్చడంలో రెండువైపులా సరిచేయడం ఉంది. తీసేస్తే అక్కడా పోతుందన్నది మాత్రం ఏ మాటా మోయలేదు, సింక్‌ని బ్యాకప్ అనుకుని నంబర్లు పోగొట్టుకున్నవాళ్ళు ‘సింక్’ అన్న మాటే వాడుతున్నారు. ఆ హెచ్చరిక విడిగా రాయాల్సిందే. ఇంకోటి, బాబాయి విషయంలో ‘పొంతన కుదరలేదు’ అని వచ్చినా తప్పే అయ్యేది, అసలు పోల్చిచూసే దాకా వెళ్తే కదా. అక్కడ రావలసింది ‘పాస్‌వర్డ్ సరిపోలేదు, సర్వర్ లోపలికి రానివ్వలేదు’ అని.