స్టెంట్ ఉండి, ఫ్యాటీ లివర్‌కి సెమాగ్లూటైడ్ వాడినవాళ్లు ఉన్నారా?

నాన్నగారికి గుండెలో స్టెంట్ ఉంది. షుగర్ లేదు, బరువు మాత్రం ఎక్కువే. ఈమధ్య లివర్ గట్టిదనం చూసే ఫైబ్రోస్కాన్‌లో ఎఫ్3 అని, అంటే లివర్‌లో మచ్చ బాగా ముదిరిన దశ అని వచ్చింది. లివర్ డాక్టరు గారు ఆకలి, బరువు తగ్గించే, వారానికోసారి వేసుకునే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ రాశారు.

ఈ మందు మీద జరిగిన 2023 నాటి సెలెక్ట్ ట్రయల్‌లో ఇలాంటి గుండె రోగుల్లోనే గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. ఇదే మందుతో ఫ్యాటీ లివర్ రోగుల మీద చేసిన ఎసెన్స్ ట్రయల్‌ 2025లో వచ్చిన ఫలితాల్లో 72 వారాలకు, మచ్చ ముదరకుండా లివర్ వాపు పోయినవాళ్లు దాదాపు 63 శాతం. మందు లేని ఉత్త సూది వేసుకున్నవాళ్లలోనూ 34 శాతం మందికి పోయిందట, విచిత్రం!

నా టెన్షన్ వేరే. ఆయన తినేదే తక్కువ, ఉన్న కండ కూడా కరిగిపోతుందేమో. వాడినవాళ్లు చెప్పండి: వికారం ఎన్నాళ్లుంది? ప్రొటీన్ ఎలా సర్దారు? ఆపేస్తే బరువు తిరిగొచ్చిందా?

లివర్ కోసం స్టాటిన్ (కొలెస్ట్రాల్ మాత్ర) ఆపేయమనే సలహా మాత్రం వద్దండీ, చుట్టాలు ఇప్పటికే ఇచ్చేశారు. డాక్టరు గారు కొనసాగించమన్నారు.