పాటిమీద, పాటిగడ్డ: పొలం పేర్లలో ‘పాటి’ ఉంటే పాత ఊరేనా?

ప్రశ్న: మండలంలో ఊరూరా పొలాల పేర్లు, గుట్టల మీది పాత కోటల ఆనవాళ్ళు రాసుకుంటున్నాం. పాటిమీద, పాటిగడ్డ, పాటిచేను అన్నవి పదే పదే వస్తున్నాయి. గరికపాడు లాంటి ఊరి పేర్లలోని ‘పాడు’, ఈ ‘పాటి’ ఒకటేనా? పాటి అన్న ప్రతిచోటా పాత ఊరుండేదని రాసేయొచ్చా?

జవాబు: రూపం ఒకటే. కాడు-కాటి, గూడు-గూటి, నాడు-నాటి లాగే పాడు-పాటి. విభక్తి చేరే ముందు మాట చివర వచ్చే ఈ ‘టి’ని వ్యాకరణంలో ఔపవిభక్తికం అంటాం. కొండవీడు ‘కొండవీటి చాంతాడు’లో వీటి అయింది కూడా ఇలాగే. తేడా అర్థంలో ఉంది. ఊరి పేరు చివరి పాడు బతికున్న ఊరు. పొలం పేరు ముందు వచ్చే పాటి చాలావరకు పాడుబడ్డ ఊరు. అడిగే తీరు కూడా ముఖ్యం. “ఈ పొలం పేరేంటండీ?” అంటే కాగితాల్లో ఉన్నదే చెప్తారు. “పొద్దున ఎటు వెళ్ళారు, ఎక్కణ్ణుంచి వస్తున్నారు?” అని అడగండి. “పాటిమీదికి”, “పాటికాడ నుంచి” అని వచ్చిన మాటను విభక్తితో సహా రాసుకోండి. గొంతు రికార్డు చేస్తే ఇంకా మంచిది, రాసుకునేటప్పుడు ల-ళ తేడా తప్పిపోవచ్చు.

ఇంకో జవాబు: పాత ఊరని రాసేముందు పాటిమన్ను సంగతి చూడండి. పాడుబడ్డ ఊరి మన్ను బూడిద కలిసి సారంగా ఉంటుందని రైతులు బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. దాంతోపాటు పాత కుండ పెంకులూ వెళ్ళిపోతాయి. అలా మన్ను తోలిన చేలో పెంకులు దొరికినా అక్కడ ఊరుండేదని కాదు. తోలిన పెంకులు చిన్నవి, అంచులు అరిగినవి, దుక్కి లోతు వరకే ఉంటాయి. అసలు చోటైతే బావి గోడలోనో గుంత అంచులోనో పొరలు కనిపిస్తాయి, పెద్ద పెంకులు, తిరగలి రాళ్ళు ఉంటాయి. లోపల నలుపు, బయట ఎరుపు పెంకులుంటే విడిగా గుర్తు పెట్టండి, ఇనుపయుగం నుంచీ ఉన్న కుండలవి. ఫొటో తీసి అక్కడే వదిలేయండి.

ఇంకో జవాబు: రెవెన్యూ జాబితాలో ‘బేచిరాకు’ గ్రామాలు చూశారా? దీపం లేని ఊరు అని ఫారసీ మాట. జనం లేకపోయినా హద్దులు మిగిలుంటాయి. పాత దస్తావేజుల చెక్కుబందీలో (నాలుగు హద్దుల వివరంలో) ‘తూర్పున పాటిదిబ్బ’ లాంటి పేర్లు ఇంకా దొరుకుతాయి. తెలంగాణలో నిజాం కాలపు కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. ఆ లిపిలో ణ, ళ లేవు, ఎ-ఇ, ఒ-ఉ కలిసిపోతాయి. కాబట్టి ఆ అక్షరాలను బట్టి వ్యుత్పత్తి కట్టకండి.

ప్రశ్న: మరి గుట్టల మీది కోటల సంగతి? పేరులో ‘కోట’ ఉన్నవన్నీ జాబితాలో వేసుకున్నాం.

జవాబు: ఆ ఒక్క మాట చాలదు. జమీందారు మేడనూ కోట అనేవారు. మరోపక్క ధూళికట్ట పేరులో కోట లేదు, అక్కడ బయటపడింది శాతవాహనుల కాలపు మట్టికోట. దిడ్డి (కోటగోడలోని చిన్న వాకిలి), బురుజు, కొత్తళం (ఇదీ బురుజే), అగడ్త, కందకం అన్న మాటల కోసం వెతకండి. కోట గోడ పోయినా ‘దిడ్డికాడ’ అన్న పేరు మిగులుతుంది. గుట్టంతా చాలాసార్లు ఒకే సర్వే నంబరుతో పోరంబోకో అడవో అయి ఉంటుంది కాబట్టి పైన ఉన్న పేర్లేవీ రికార్డుకెక్కవు. అవి గొర్రెల కాపరుల నోట్లోనే ఉన్నాయి, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఎండల్లోనూ నీళ్ళుండే దొనలు (రాతిలో నీళ్ళు నిలిచే గుంటలు) ఏవో అడగండి. కోటలో మనుషులు నిలవాలంటే నీళ్ళే ఆధారం, పాత మెట్లు, గోడలు చాలాసార్లు ఆ చుట్టుపక్కలే దొరుకుతాయి.

ప్రతి పేరుకూ పలికిన రూపం, సర్వే నంబరు, చెప్పినవారి వయసు, వృత్తి, అక్షాంశ రేఖాంశాలు రాయండి. మీ దగ్గరుంచుకునే ప్రతిలో దశాంశం తర్వాత 5 అంకెలు ఉంచండి, సుమారు మీటరు తేడాతో చోటు తెలుస్తుంది. బయట పెట్టే జాబితాలో 2 అంకెలు చాలు, కిలోమీటరు పైచిలుకు తేడా వస్తుంది. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ళు ఇలాంటి జాబితాల కోసమే చూస్తుంటారు.