కసోర్లాలో కొత్తగా కాపురం పెట్టినవారికి: చూడవలసిన చోట్లు, నడవవలసిన దారులు

అమ్మా, నమస్కారం. స్పెయిన్‌లో, హయెన్ జిల్లాలోని కసోర్లాలో ఇల్లు తీసుకున్నామనీ, మీవారు పొద్దున్నే ఉద్యోగానికి ఊబెదా పట్టణం వెళ్లిపోయాక ఊరంతా నిశ్శబ్దంగా తోస్తోందనీ, ఆరేళ్ల బాబుతో వారాంతాల్లో ఎక్కడికి వెళ్లాలో తెలియడం లేదనీ మీరు రాసినది చదివాను. ఇక్కడ మీ ప్రశ్నకు నాకంటే ముందు జవాబు రాసిన ఒకరు శనివారం రాగానే గ్రనాడాకో కోర్దోబాకో బయలుదేరమని సలహా ఇచ్చారు. ఆ నగరాలు తప్పక చూడవలసినవే, అయితే వాటిని ఎప్పుడైనా చూడవచ్చు. మీ ఊరి వెనుక కనిపించే కొండల నుంచే స్పెయిన్ దేశంలోకెల్లా పెద్ద రక్షిత అటవీ ప్రాంతం మొదలవుతుంది. దాని విస్తీర్ణం దాదాపు 2,100 చదరపు కిలోమీటర్లు. యునెస్కో 1983లో దానిని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించగా, 1986లో అది సహజ ఉద్యానవనం అయింది. మొదటి ఏడాది వారాంతాలను ఆ అడవికే కేటాయించుకోమని నా సలహా, ఎందుకంటే ఒకసారి వచ్చి చూసి వెళ్లేవారికి అది కొంతే కనబడుతుంది. ఋతువు మారినప్పుడల్లా అదే దారిలో మళ్లీ నడిచే అవకాశం అక్కడ కాపురమున్న మీలాంటివారికే ఉంటుంది.

ముందుగా ఊరితోనే మొదలుపెట్టండి, దానికి కారు కూడా అవసరం లేదు. పాత ఊరి కిందిభాగంలో శాంతా మారియా చర్చి శిథిలాలు ఉన్నాయి. 16వ శతాబ్దంలో ఆ చర్చిని కట్టడానికి చాలినంత చదునైన నేల దొరకక, సెరెసుయేలో అనే చిన్న నది మీద రాతి కమానులు వేసి, ఆ కమానుల మీద నిర్మించారు. 1694లో వచ్చిన వరద దానిని బాగా దెబ్బతీసింది, తరువాత నెపోలియన్ సైన్యాల కాలంలో మరింత పాడయింది. ఇప్పటికీ నది ఆ కమానుల కిందుగానే పారుతోంది, గైడుతో కలిసి లోపలికి వెళ్లి చూడవచ్చు. అక్కడి నుంచి నిటారుగా ఎక్కితే యేద్రా కోట వస్తుంది. 1231లో ఈ ప్రాంతాన్ని అప్పటి కాస్తీల్ రాజ్యపు రాజు, తొలెదో నగరపు ఆర్చిబిషప్పుకు అప్పగించాడు. ముస్లింల కాలం నుంచి ఉన్న కోటను ఆ తరువాతి పాలకులు పెంచారు. ఇప్పుడందులో ఎగువ గ్వాదల్కివీర్ ప్రాంతపు జనజీవనాన్ని చూపే ప్రదర్శనశాల ఉంది. పక్క ఊరైన లా ఇరుయేలాకు నడిచే వెళ్లవచ్చు. అక్కడ సూదిమొన వంటి రాతి మీద నిలిచిన మరో కోటను చూసి బాబు తప్పక సంతోషిస్తాడు, అయితే గోడల దగ్గర చెయ్యి వదలకండి.

ఇక అసలు విషయం నది. కోర్దోబా, సెవిల్యా నగరాల గుండా ప్రవహించి అట్లాంటిక్ సముద్రంలో కలిసే 657 కిలోమీటర్ల గ్వాదల్కివీర్ మీ కొండలలోనే పుడుతుంది. గోదావరి, కృష్ణల చివరి భాగాలను చూస్తూ పెరిగి, త్ర్యంబకాన్నీ మహాబలేశ్వరాన్నీ పుస్తకాలలోనే చదువుకున్న మనలో చాలామందికి, ఒక మహానది మొదటి అడుగులను ఇంటికి ఇంత దగ్గరలో చూడగలగడం చిన్న విషయం కాదు. ఆశ్చర్యమేమిటంటే, ఈ నది పుట్టగానే సముద్రం వైపు వెళ్లదు. కొండల మధ్య లోయలో ఈశాన్యంగా సాగి, ట్రాంకో జలాశయం దగ్గర మలుపు తిరిగి, అప్పుడు పడమటి దారి పడుతుంది. ఈ సంగతి మనసులో ఉంచుకుంటే ఆ అడవి మ్యాపు సులభంగా అర్థమవుతుంది.

బాబుతో మొదటి నడకకు సెరాదా దె ఉత్రేరో మంచిది. వాదిల్యో అనే చిన్న పల్లె దగ్గర మొదలై చుట్టి వచ్చే ఈ బాట రెండు కిలోమీటర్లకు మించదు. ఎత్తైన రాతిగోడల మధ్య నది ఇరుకుగా పారడాన్నీ, వానాకాలం తరువాత పక్కనుంచి దూకే జలపాతాన్నీ ఒకే నడకలో చూడవచ్చు. ఈ కొండల కలపకు పెద్ద చరిత్ర ఉంది. 1748 నుంచి స్పెయిన్ నౌకాదళం ఓడల కోసం ఇక్కడి చెట్లను నరికించి, దుంగలను నదిలో తేలవేసి దిగువకు పంపేది. 20వ శతాబ్దంలో ఇదే వాదిల్యోలో రైలు పట్టాల కింద వేసే దిమ్మలను కోసే రంపపు మిల్లు నడిచింది. మీకు ఇప్పుడు కనిపించే పైన్ అడవి అంత కొట్టుడుకు గురై కూడా నిలిచినది అని తెలిసి నడిస్తే, చూపు వేరుగా ఉంటుంది.

బొరోసా నది వెంట సాగే దారిని మాత్రం నేను అన్నింటికంటే పైన ఉంచుతాను. తోర్రె దెల్ వినాగ్రె సందర్శక కేంద్రానికి ఎదురుగా చీలే రోడ్డులో చేపల పెంపకకేంద్రం దాకా వెళ్లి, కారు అక్కడ వదిలి నడవాలి. మొదట వెడల్పైన మట్టిదారి, తరువాత సెరాదా దె ఎలీయాస్ అనే ఇరుకు లోయలో నీటి మీదుగా రాతిగోడకు ఆనించి కట్టిన చెక్క వంతెనల బాట. నీరు అడుగు కనిపించేంత తేటగా, ఎండాకాలంలో సైతం కాళ్లు జివ్వుమనేంత చల్లగా ఉంటుంది. చిన్నపిల్లలతో వెళ్లినవారు ఇక్కడి నుంచి వెనుదిరగడమే సరైనది. పెద్దవాళ్లయితే పాత జలవిద్యుత్ కేంద్రం దాటి, జలపాతం పక్కగా ఎక్కి, కొండలో తొలిచిన సొరంగాల గుండా పైనున్న వాల్దెయసోరెస్ సరస్సు దాకా వెళ్లవచ్చు. రానూపోనూ 22 కిలోమీటర్ల వరకు అవుతుంది కనుక, వేసవిలో తప్ప తక్కిన కాలాల్లో తెల్లవారగానే బయలుదేరకపోతే తిరుగుదారిలో చీకటి పడుతుంది. వేసవిలోనైతే ఎండ దృష్ట్యా అసలు ఆ పూర్తి నడక పెట్టుకోవద్దు. సొరంగాలలో దీపాలు లేవు, టార్చిలైటు తప్పనిసరి.

నది పుట్టే చోటు కన్యాదా దె లాస్ ఫుయెంతెస్ ఇంకా పైకి, అడవి లోపల ఉంది. చివరి భాగం మట్టిరోడ్డు. మంచు కురిసిన రోజుల్లోనూ, పెద్ద వాన వెలిసిన వెంటనేనూ వెళ్లకండి. వసంతంలో వెళితే నీరు కనబడుతుంది, వేసవి చివరలో ఊట సన్నగిల్లిపోయి నిరాశ కలగవచ్చు. దారిలో ఎర్రెరీయాస్ వంతెన దగ్గర ఆగండి. 15వ శతాబ్దంలో బాసా నగర ముట్టడికి వెళుతున్న కాస్తీల్ రాణి ఇసబెల్ దాటడానికి ఆ వంతెనను ఒక్క రాత్రిలో కట్టారని అక్కడివారు చెబుతారు.

జంతువులను, పక్షులను చూడాలంటే జంతుప్రదర్శనశాలకు వెళ్లినట్లు వెళ్లకూడదు, ఓపిక కావాలి. పుయెర్తో దె లాస్ పలోమాస్ అనే కనుమ దగ్గర ఆగి కాసేపు నిలబడితే, రాబందులు మీ కంటికి సమానమైన ఎత్తులో రెక్కలు కదపకుండా తిరుగుతూ కనిపిస్తాయి. వాటిలో గడ్డపు రాబందు కథ బాబుకు చెప్పండి. ఎముకలను ఎత్తు నుంచి బండల మీద జారవిడిచి, పగిలిన ముక్కలను మింగే ఈ పక్షి 1980లలో మీరున్న దక్షిణ స్పెయిన్ ప్రాంతమైన అండలూసియా నుంచి పూర్తిగా మాయమైంది. 1996లో ఇక్కడి అడవిలో పెంపకకేంద్రం పెట్టి, 2006 నుంచి రాబందు పిల్లలను కొండలలో వదులుతూ వచ్చారు. 2015లో అడవిలోనే మొదటి పిల్ల పుట్టింది. ఒక జాతిని తిరిగి తేవడానికి మనుషులు ఇన్నేళ్లు పట్టుదలగా పనిచేసిన చోట మీరు ఉన్నారు.

శీతాకాలంలో అడవికంటే ఆలివ్ తోటలు చూడదగినవి. హయెన్ జిల్లాలో ఆరు కోట్లకు పైగా ఆలివ్ చెట్లు ఉన్నాయి. కాయ కోత అక్టోబరు చివర మొదలై చలికాలమంతా సాగుతుంది. అడిగితే కొన్ని నూనె మిల్లులవారు లోపలికి రానిచ్చి, ఆకుపచ్చగా అప్పుడే దిగిన నూనెను రొట్టె మీద పోసి ఇస్తారు. మే 14 సాయంత్రం మాత్రం ఊళ్లోనే ఉండండి. ఊరి రక్షకుడిగా కొలిచే పునీతుడు సాన్ ఇసీసియో పండుగకు ముందురోజు నత్తగుల్లలలో నూనె పోసి, ఒత్తులు వేసి, గోడల వెంట వెలిగిస్తారు. మన కార్తిక దీపాలను చూసినట్లే ఉంటుంది. మీరు శాకాహారులమని రాశారు కనుక ఒక మాట: రిన్ రాన్ అని బంగాళాదుంప, ఎండు ఎర్ర మిరప, జీలకర్రతో చేసే ఇక్కడి వంటకంలో సాధారణంగా ఎండుచేప కలుపుతారు, ముందే అడగండి.

జాగ్రత్తల గురించి. జూన్ 1 నుంచి అక్టోబరు 15 వరకు అడవిలో నిప్పు రాజేయడం నిషిద్ధం, వంటకు కూడా వీల్లేదు. లోయలలో చాలాచోట్ల ఫోను పనిచేయదు కాబట్టి మ్యాపును ముందే దింపుకోండి, ఎక్కడికి వెళుతున్నారో ఇంట్లో చెప్పండి; అత్యవసరానికి 112. శరదృతువు నుంచి చలికాలం చివరి వరకు వేట జరిగే రోజుల్లో దారి మొదట్లో ‘మొంతేరియా’ అన్న బోర్డు పెడతారు, అది కనిపిస్తే ఆ బాటలోకి వెళ్లవద్దు. అడవిపందులకు, నక్కలకు తిండి పెట్టవద్దు. ఊరి నుంచి ఊబెదా, హయెన్, గ్రనాడాలకు బస్సులు ఉన్నాయి కానీ అడవి లోపల కారు లేనిదే కష్టం. మన దేశపు లైసెన్సు ఇక్కడ నివాస అనుమతి వచ్చిన తరువాత 6 నెలల వరకే చెల్లుతుంది, కనుక డ్రైవింగు పరీక్షకు ఇప్పటినుంచే చదవడం మొదలుపెట్టండి.

సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు మగజింకలు సాయంత్రం చీకటి పడే వేళ లోయంతా మారుమ్రోగేలా అరుస్తాయి. ఆర్రోయో ఫ్రియో అనే పల్లె దాటాక రోడ్డు పక్కన ఆగి, దీపాలు ఆర్పి, మాట్లాడకుండా వింటే చాలు. మీకు అప్పటికి కారు లేకపోతే ఇక్కడే రాయండి. ఏటా మేము ఆ రోజుల్లో హయెన్ నుంచి వస్తాము, కారులో మీ ముగ్గురికీ చోటుంటుంది.